మాంద్యం వస్తే సర్కారు డబ్బు ఎక్కడ పెట్టాలి? బియ్యం, నగదు, కరువు పని, పన్ను తగ్గింపు అన్నీ పోల్చి చూద్దాం

ఎకానమీ పడిపోయినప్పుడల్లా టీవీలో ముందు వచ్చేది ఒక పెద్ద అంకె, ఇన్ని లక్షల కోట్ల ప్యాకేజీ అని. ఆ అంకె చూసి మంచిదో చెడ్డదో తేల్చేయకండి దయచేసి. ఆ డబ్బు ఏ దారిలో వస్తోంది, ఎన్ని రోజుల్లో చేరుతోంది, ఎవరి చేతికి చేరుతోంది, చేరాక వాళ్ళు ఖర్చు పెడతారా దాచుకుంటారా, కష్టకాలం అయిపోయాక ఆ ఖర్చు ఆగుతుందా లేదా, ఇవి చూడాలి. నేనైతే ఏ పథకాన్నైనా వీటితోనే కొలుస్తా, కింద పోలికంతా కూడా అలాగే ఉంటుంది.

ఉదాహరణకి 2020నే తీసుకుంటున్నా, ఎందుకంటే ఆ ఒక్క ఏడాదిలో మన దేశంలో దాదాపు అన్ని పద్ధతులూ వాడేశారు, పోల్చడానికి ఇంతకంటే మంచి కేసు దొరకదు. మార్చి 25 నుంచి లాక్‌డౌన్, ఏప్రిల్ జూన్ మూడు నెలల్లో జీడీపీ అంతకు ముందు ఏడాది అదే సమయంతో పోలిస్తే దాదాపు 24 శాతం పడిపోయింది, ఏడాది మొత్తం మీద సవరించిన లెక్కల్లో 5.8 శాతం తగ్గుదల. 1979-80 తర్వాత మన దేశం ఏడాది మొత్తానికి కిందకి పోవడం అదే మొదటిసారి. అంటే ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళలో చాలామందికి అదే మొదటి మాంద్యం, మళ్ళీ రాదని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు కాబట్టి అప్పుడు ఏది పని చేసిందో ఏది చేయలేదో ఇప్పుడే గుర్తు చేసుకోవడం మంచిది.

ముందు బియ్యం సంగతి

2020 మార్చి 26న కేంద్రం మొదటి ప్యాకేజీ ప్రకటించింది, 1.7 లక్షల కోట్లది. అందులో మెయిన్ ఐటెం మనిషికి నెలకి 5 కిలోల ఉచిత బియ్యమో గోధుమలో, సుమారు 80 కోట్ల మందికి. ఇది మామూలుగా వచ్చే కోటాకి అదనం. మన దగ్గర తెలంగాణలో తెల్ల కార్డున్న వాళ్ళకి మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ఇచ్చారు, ఏపీలో కార్డుకి 1,000 రూపాయలు ఇచ్చారు.

స్పీడ్ విషయంలో బియ్యాన్ని మించింది లేదు. ఎందుకంటే రేషన్ షాపు ఊళ్ళో ఆల్రెడీ ఉంది, డీలర్ ఉన్నాడు, కార్డు ఉంది, మిషన్ ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా సరుకు గోడౌన్లలో ఉంది. ఆ టైంకి కేంద్రం తరఫున ధాన్యం కొని నిల్వ చేసే ఎఫ్‌సీఐ దగ్గర ఉండాల్సిన బఫర్ స్టాక్‌కి రెండు రెట్ల కంటే ఎక్కువే నిల్వ ఉంది. ఇది చాలామంది పట్టించుకోని పాయింట్. కాగితం మీద ఈ పథకం ఖర్చు చాలా పెద్దగా కనిపిస్తుంది, 2022 డిసెంబర్ దాకా అన్ని విడతలూ కలిపితే 3.9 లక్షల కోట్లు, కానీ మొదటి నెలల్లో ఇచ్చిన ధాన్యం ఎప్పుడో కొని పెట్టేసింది, ఇవ్వకపోతే అక్కడే ముక్కిపోయేది, పైగా నిల్వ ఖర్చు వేరే.

తిండికి పెట్టే డబ్బు మిగిలితే ఆ ఇంట్లో వాళ్ళు దాన్ని నూనెకో మందులకో ఫోన్ రీఛార్జికో వాడతారు, కాబట్టి బియ్యం ఇవ్వడం వల్ల బజార్లో అమ్మకాలు పెరగవు అనే మాట పూర్తిగా కరెక్ట్ కాదు. కొంత పెరుగుతాయి. కానీ బియ్యంతో ఇంటద్దె కట్టలేరు, ఫైనాన్స్ వాయిదా కట్టలేరు, అది దాని లిమిట్.

ఇంకో పెద్ద లోపం కార్డు లేనివాళ్ళు. 80 కోట్లు అనే లెక్క 2011 జనాభా లెక్కల మీద ఆధారపడింది, తర్వాత పుట్టినవాళ్ళు, పెళ్ళయి వేరుపడ్డవాళ్ళు, కొత్తగా పేదరికంలోకి జారినవాళ్ళు ఆ లెక్కలోకి రారు. ఊళ్ళో కార్డుండి వేరే రాష్ట్రంలో పని చేసుకుంటున్న వలస కూలీ పరిస్థితి అప్పుడు ఇంకా ఘోరం, కార్డు ఉన్నా చాలాచోట్ల బియ్యం రాలేదు. మే నెలలో కార్డు లేని వలస కూలీల కోసం 8 లక్షల టన్నుల ధాన్యం విడిగా కేటాయించాల్సి వచ్చింది, అప్పటికే లక్షల మంది రోడ్ల మీద నడుస్తున్నారు. ఏ రాష్ట్రం కార్డుతో అయినా ఎక్కడైనా రేషన్ తీసుకునే వన్ నేషన్ వన్ రేషన్ కార్డు పద్ధతి అన్ని రాష్ట్రాల్లో 2021 జులై 31 లోపు పెట్టమని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అది ముందే ఉండి ఉంటే ఎంత ఏడుపు తప్పేదో.

నగదు: అందరికీ కొంచెమా, కొందరికి ఎక్కువా

జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్ళకి, మన ఊళ్ళలో జీరో అకౌంట్ అంటారు, నెలకి 500 చొప్పున మూడు నెలలు వేశారు. దాదాపు 20 కోట్ల ఖాతాలు. మొత్తం ఖర్చు సుమారు 30 వేల కోట్లు. ఒక్కసారి ఆలోచించండి, లక్ష కోట్లు పెట్టి ఉంటే ఒక్కొక్కరికీ 5,000 వచ్చేది, 1,500కి 5,000కి మధ్య తేడా ఏంటో రోజు కూలీ ఇంట్లో ఉన్నవాళ్ళని అడిగితే చెప్తారు. 1,500 అంటే ఆ రోజుల్లో మన రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలీ రేటులో వారం రోజుల కూలీ కూడా కాదు.

నగదుకి ఉన్న గొప్ప గుణం ఏంటంటే ఆ ఇంటికి ఏది అవసరమో వాళ్ళే నిర్ణయించుకుంటారు. పేదింట్లో పడ్డ రూపాయి అక్కడే కిరాణా కొట్లో మెడికల్ షాపులో ఖర్చవుతుంది, ఆ కొట్టు వాడు మళ్ళీ సరుకు కొంటాడు, మాంద్యంలో కావాల్సింది ఆ తిరుగుడే. ఉన్నవాళ్ళ ఇంట్లో పడ్డ రూపాయి బ్యాంకులో కూర్చుంటుంది. 2020 ఏప్రిల్ జూన్‌లో రిజర్వ్ బ్యాంక్ అంచనా ప్రకారం కుటుంబాల ఆర్థిక పొదుపు జీడీపీలో దాదాపు 21 శాతానికి ఎగబాకింది, అంటే చేతిలో డబ్బున్న వాళ్ళు భయంతో దాచేసుకున్నారు, ఖర్చు పెట్టే దారి కూడా లేదనుకోండి అప్పుడు. అందుకే నగదు ఇవ్వాలంటే కింద ఉన్నవాళ్ళకే ఎక్కువ ఇవ్వాలి.

రైతులకి పీఎం కిసాన్ 2,000 ఇచ్చారు, కానీ అది ఎలాగూ రావాల్సిన కిస్తే, ముందుగా వేశారు అంతే, ప్యాకేజీలో కలిపి లెక్క చెప్పారు. తెలంగాణలో అప్పుడు రైతుబంధు ఎకరానికి సీజన్‌కి 5,000, అది ఆ ఏడాది కూడా పడింది, డబ్బు ఖాతాలోకి చేరే దారిగా చూస్తే చాలా బాగా పని చేసింది. కానీ అది ఎకరాల మీద వెళ్ళేది కదా, భూమి ఎక్కువ ఉన్నవాడికి ఎక్కువ వచ్చేది, కౌలు రైతుకి అసలు వచ్చేది కాదు. వ్యవసాయ పెట్టుబడి పథకంగా దాని మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకి ఉండొచ్చు, మాంద్యం సాయంగా మాత్రం దాన్ని లెక్కలో వేసుకోవద్దు, కౌలు రైతు, రైతు కూలీ ఇద్దరూ బయట ఉన్న పథకం కష్టకాలానికి పనికొచ్చేది కాదు.

అమెరికాలో పద్ధతి వేరు. 2020 మార్చిలో పాసైన కేర్స్ చట్టం కింద ఒక్కో పెద్దవాళ్ళకి 1,200 డాలర్లు, ఆదాయం 75 వేల డాలర్లు దాటితే తగ్గుతూ పోతుంది, ఆ డిసెంబర్‌లో ఇంకో 600, 2021 మార్చిలో 1,400. అక్కడున్న మనవాళ్ళలో చాలామందికి ఒక అన్యాయం జరిగింది, అది మనం నేర్చుకోవాల్సిన విషయం. హెచ్1బీ మీద ఉన్న భర్తకి సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉంటుంది, హెచ్4 మీద ఉన్న భార్యకి చాలాసార్లు ఉండదు, టాక్స్ కట్టడానికి మాత్రమే ఇచ్చే ఐటిన్ నంబర్ ఉంటుంది. ఇద్దరూ కలిపి టాక్స్ రిటర్న్ వేస్తే మొదటి విడతలో ఆ ఇంటికి ఒక్క డాలర్ కూడా రాలేదు. ఏళ్ళ తరబడి టాక్స్ కట్టినా రాలేదు. డిసెంబర్ చట్టంలో దాన్ని సరిచేశారు, సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉన్న వాళ్ళకి వెనక్కి క్లెయిమ్ చేసుకునే వీలిచ్చారు. అక్కడ నంబర్ లేక ఆగింది, ఇక్కడ కార్డు లేక ఆగింది. పథకం ఎంత పెద్దదైనా అర్హత రూల్‌లో ఒక్క లైన్ చాలు లక్షల మందిని బయట పెట్టేయడానికి.

ఇంకో మాట, అమెరికా చేసినంత మనం చేయాలా అంటే నేను వద్దంటాను. వాళ్ళ దగ్గర 2022 జూన్‌లో ధరల పెరుగుదల 9.1 శాతానికి వెళ్ళింది, యుద్ధం, సప్లై సమస్యలు కూడా కారణమే, కానీ 2021లో ఎకానమీ కోలుకుంటున్నప్పుడు కూడా చెక్కులు పంచడం దానికి తోడైంది. మనం తక్కువ ఇచ్చి తప్పు చేశాం, వాళ్ళు ఆలస్యంగా ఆపి ఇబ్బంది పడ్డారు అని నా అభిప్రాయం.

పింఛన్ల గురించి రెండు ముక్కలు. కేంద్రం వృద్ధులకి వితంతువులకి వికలాంగులకి అదనంగా ఇచ్చింది 1,000, అదీ రెండు విడతల్లో. అదే సమయంలో ఏపీలో నెల పింఛన్ 2,250, తెలంగాణలో 2,016 వస్తూనే ఉంది. ఊళ్ళో చాలా ఇళ్ళలో ఆ మూడు నెలలు సంపాదన ఉన్న ఒకే ఒక్క మనిషి పింఛన్ తీసుకునే నాయనమ్మే. ఇది ఎవరూ మాంద్యం ప్యాకేజీ అని పేరు పెట్టలేదు కానీ ఏ ప్యాకేజీ కంటే ముందు చేరింది ఇదే.

కరువు పని, నా ఓటు దీనికే

జాతీయ ఉపాధి హామీని మన పల్లెల్లో ఇప్పటికీ కరువు పని అనే అంటారు. 2020-21 బడ్జెట్లో దీనికి పెట్టింది 61,500 కోట్లు. మేలో ఇంకో 40 వేల కోట్లు కలిపారు, చివరికి సవరించిన అంచనా 1,11,500 కోట్లకి వెళ్ళింది. పనిదినాలు అంతకు ముందు ఏడాది 265 కోట్లు ఉంటే ఆ ఏడాది 389 కోట్లు అయ్యాయి. 7.5 కోట్ల పైన కుటుంబాలు పని చేశాయి.

ఈ అంకెల్లో అసలు గొప్పతనం ఎక్కడుందంటే తర్వాతి సంవత్సరాల్లో. పనిదినాలు 2021-22లో 363 కోట్లు, 2022-23కి 295 కోట్ల దగ్గరికి దిగింది. బయట పని దొరకడం మొదలవగానే జనం వేరే కూలీకి వెళ్ళిపోయారు. ఏ నాయకుడూ పథకం ఆపేస్తున్నాం అని చెప్పి ఓట్లు పోగొట్టుకోవాల్సిన పని లేకుండా చాలావరకు తనంతట తానే తగ్గింది. మాంద్యంలో పెరిగి, బాగున్నప్పుడు తగ్గే ఖర్చు అంటే ఇదీ. ఉచిత బియ్యం, నగదు, పన్ను తగ్గింపు, వీటిలో దేనికీ ఈ గుణం లేదు, వాటిని మొదలుపెట్టడం ఒక నిర్ణయం, ఆపడం ఇంకా పెద్ద నిర్ణయం.

రెండోది, లబ్ధిదారుల లిస్టు తయారు చేయక్కర్లేదు. ఎండలో గునపం పట్టుకుని రోజుకి 237 రూపాయలకి, ఆ ఏడాది మన రెండు రాష్ట్రాల్లో రేటు అది, పనికి వచ్చేవాళ్ళు నిజంగా అవసరం ఉన్నవాళ్ళే. డిగ్రీ చదివి ప్రైవేట్ స్కూల్లో జీతం ఆగిపోయిన టీచర్లు కూడా ఆ ఎండాకాలం మన పల్లెల్లో తట్ట మోశారు, వాళ్ళు ఏ పేదల లిస్టులోనూ ఉండరు, కానీ జాబ్ కార్డు ఉంటే చాలు పనికి రావొచ్చు.

లోపాలు లేవా అంటే చాలా ఉన్నాయి. కూలీ లేటుగా పడడం, రూల్ ప్రకారం 15 రోజుల్లో రావాలి, చాలాసార్లు రాదు. చేతగాని ముసలివాళ్ళకి ఇది ఉపయోగపడదు, వాళ్ళకి పింఛనే దిక్కు. అన్నిటికంటే పెద్ద లోటు టౌన్లు. లాక్‌డౌన్‌లో ఎక్కువ దెబ్బ తిన్నది ఆటో డ్రైవర్లు, హోటల్ వర్కర్లు, అడ్డా కూలీలు, ఇళ్ళలో పని చేసే ఆడవాళ్ళు, వీళ్ళకి పట్నంలో కరువు పని లేదు. కేరళలో 2010 నుంచే అయ్యంకాళి పేరు మీద పట్టణ ఉపాధి పథకం ఉంది, రాజస్థాన్ 2022లో మొదలుపెట్టింది, ఒడిశా, జార్ఖండ్ 2020లోనే ఏదో ఒక రూపంలో తెచ్చాయి. మన రెండు రాష్ట్రాల్లో ఈ ప్రయత్నం జరగాల్సిందే, కాలవల పూడిక, పార్కులు, స్కూళ్ళకి సున్నాలు, మున్సిపాలిటీలో పనికి కొదవ ఏముంది.

ఇక్కడ ఒక విషయం మీద జాగ్రత్తగా ఉండాలి. 2025 డిసెంబర్‌లో ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టం తెచ్చారు, 100 రోజుల బదులు 125 రోజులు అన్నారు, బాగానే ఉంది, కానీ ఖర్చులో రాష్ట్రాలు 40 శాతం పెట్టుకోవాలి, కేంద్రం రాష్ట్రానికి ఇంత అని ముందే కేటాయిస్తుంది, అది దాటితే భారం రాష్ట్రానిదే. మామూలు రోజుల్లో ఇది ఎలా నడుస్తుందో పక్కన పెట్టండి, మాంద్యంలో ఆలోచించండి. పని అడిగేవాళ్ళు పెరిగే సమయంలోనే రాష్ట్రం ఆదాయం పడిపోతుంది, అప్పుడు ఆ 40 శాతం ఎక్కణ్ణుంచి తెస్తుంది? 2020లో ఇది 265 కోట్ల పనిదినాల నుంచి 389 కోట్లకి వెళ్ళగలిగింది అంటే కారణం కూలీ డబ్బు మొత్తం కేంద్రం పెట్టుకోవడమే. నా దృష్టిలో మాంద్యం వచ్చినప్పుడు ఈ వాటా రూల్‌ని పక్కన పెట్టే క్లాజు ఉండాలి, లేకపోతే మన దగ్గరున్న బెస్ట్ ఆప్షన్ మనమే పాడు చేసుకున్నట్టు.

రోడ్లు, ప్రాజెక్టులు

మూలధన వ్యయం, అంటే రోడ్లు, భవనాల లాంటి ఆస్తుల మీద ఖర్చు, చేస్తే ఎక్కువ లాభం అని ఆర్థికవేత్తలు చెప్పేదానికి ఆధారం ఉంది. ప్రభుత్వ ఖర్చుల మీద పరిశోధన చేసే ఢిల్లీలోని ఎన్ఐపీఎఫ్‌పీ సంస్థ నుంచి 2013లో వచ్చిన అంచనా ప్రకారం ఆస్తుల మీద పెట్టే రూపాయి ఎకానమీలో 2.45 రూపాయలు అవుతుంది, నేరుగా పంచే రూపాయి 0.98 అవుతుంది. ఈ అంకె చూపించి నగదు పంచడం దండగ అని వాదించేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. కానీ ఆ 2.45 రావడానికి టైం పడుతుంది. ప్రాజెక్టు రిపోర్టు (డీపీఆర్) కావాలి, టెండర్ పిలవాలి, భూసేకరణ జరగాలి, ఈలోపు ఈ నెల అద్దె కట్టలేనివాడు ఏం కావాలి? మొదటి ఆరు నెలల్లో ఇది సాయం కాదు.

రెండో ఏడాదికి మాత్రం ఇదే సరైన మందు. 2020 అక్టోబర్‌లో రాష్ట్రాలకి 50 ఏళ్ళ వడ్డీ లేని అప్పు అని 12 వేల కోట్లతో మొదలుపెట్టారు, తర్వాత అది లక్ష కోట్లు దాటింది. మంచి ఆలోచనే. నా సలహా ఏంటంటే పెద్ద ప్రాజెక్టుల కంటే ఊరూరా ఒకేసారి జరిగే చిన్న పనులు మాంద్యానికి కరెక్ట్, చెరువు పూడిక, స్కూల్ బాత్రూములు, గుంతలు పూడ్చడం. ఏపీలో నాడు నేడు మొదటి విడత 15,715 స్కూళ్ళలో జరిగింది, కరోనా టైంలో కూడా పని సాగింది, తాపీ మేస్త్రీ, పెయింటర్, ప్లంబర్, ఎలక్ట్రీషియన్ అందరికీ సొంత మండలంలోనే పని. పెద్ద ఫ్లైఓవర్ కడితే డబ్బులో ఎక్కువ భాగం స్టీలుకి, సిమెంటుకి, మిషన్లకి వెళ్తుంది.

పన్ను తగ్గింపు ఎవరికి

కంపెనీలకి తగ్గిస్తే పెట్టుబడి పెడతాయి, ఉద్యోగాలు వస్తాయి అంటారు. 2019 సెప్టెంబర్ 20న ఇదే చేశారు, మినహాయింపులు వదులుకునే కంపెనీలకి రేటు 22 శాతం, కొత్త ఫ్యాక్టరీలకి 15 శాతం. పోయే ఆదాయం ఏడాదికి 1.45 లక్షల కోట్లు అని అప్పుడు ప్రభుత్వమే చెప్పింది. అప్పటికే డిమాండ్ నీరసపడి ఉంది. సరుకు కొనేవాడు లేనప్పుడు ఏ ఓనర్ అయినా కొత్త మిషన్ ఎందుకు కొంటాడు, మిగిలిన డబ్బుతో అప్పులు తీర్చుకుంటాడు, అది తప్పు కూడా కాదు, మన ఇంట్లో అయినా అంతే చేస్తాం. కాబట్టి మాంద్యంలో కార్పొరేట్ టాక్స్ తగ్గించడం అన్నిటికంటే చివర్లో ఉండాలి నా లిస్టులో. పై లెక్కతో పోలిస్తే ఆ 1.45 లక్షల కోట్లు 2020-21లో ఉపాధి హామీ మొత్తం ఖర్చు కంటే ఎక్కువ.

ఇన్‌కం టాక్స్ తగ్గింపు మధ్యతరగతికి ఊరట, అందులో సందేహం లేదు, 2025 బడ్జెట్లో 12 లక్షల దాకా పన్ను లేకుండా చేశారు, దానికి లక్ష కోట్ల ఆదాయం వదులుకున్నామన్నారు. కానీ మాంద్యంలో ఉద్యోగం పోయినవాడికి ఆదాయమే లేదు, పన్ను తగ్గిస్తే వాడికి ఒరిగేదేంటి. ఉద్యోగం ఉన్నవాడికి మాత్రమే వచ్చే సాయం ఇది.

వస్తువుల మీద పన్ను తగ్గించడం వీటన్నిటికంటే కొంచెం నయం, ఎందుకంటే సబ్బు కొనేవాడికి కూడా అందుతుంది, అదీ షాపువాడు ధర తగ్గిస్తేనే. జర్మనీ 2020 జులై నుంచి డిసెంబర్ దాకా వ్యాట్, అంటే అమ్మకాల మీద పన్ను, 19 శాతం నుంచి 16కి తగ్గించింది, ఆరు నెలలే అని తేదీ ముందే చెప్పింది, జనవరిలో మళ్ళీ 19 చేసింది. తేదీ చెప్పడం వల్ల జనం ఈలోపే కొనుక్కుందాం అనుకుంటారు, ఖజానాకి శాశ్వతంగా బొక్క పడదు. మనం 2008 డిసెంబర్‌లో ఎక్సైజ్, అంటే ఫ్యాక్టరీలో తయారయ్యే సరుకు మీద పన్ను, 4 శాతం తగ్గించాం, 14 నుంచి 10, రెండు నెలలకే 8, కానీ ముగింపు తేదీ లేదు. అది మళ్ళీ 12కి రావడానికి 2012 దాకా పట్టింది. ఈలోపు ద్రవ్యలోటు, అంటే ప్రభుత్వానికి వచ్చేదానికంటే ఎక్కువైన ఖర్చు, పెరిగింది, ధరలు మండాయి. అప్పటి లోటుకి అదొక్కటే కారణం కాదు, కానీ తగ్గించేటప్పుడే ముగింపు తేదీ రాసుకోవాలి అనే పాఠం మాత్రం స్పష్టం.

అప్పులిచ్చే ప్యాకేజీ

2020 మే 12న చెప్పిన 20 లక్షల కోట్లలో పెద్ద భాగం ఖర్చు కాదు, అప్పులు, గ్యారంటీలు, రిజర్వ్ బ్యాంక్ వదిలిన నగదు. ఇది గమనించకపోతే అంకె చూసి మోసపోతాం. చిన్న కంపెనీలకి ప్రభుత్వమే హామీ ఉండే 3 లక్షల కోట్ల గ్యారంటీ లోన్ల పథకం, ఆల్రెడీ ఉన్న లోన్‌లో 20 శాతం అదనంగా తాకట్టు లేకుండా ఇస్తారు, మొదటి ఏడాది అసలు కట్టక్కర్లేదు. మూతపడబోయే యూనిట్లని చాలావాటిని ఇది నిలబెట్టింది, కాదనను. కానీ బ్యాంకు లోన్ ముందే ఉన్నవాడికే దొరికింది. టిఫిన్ బండి వాడికి, టైలర్‌కి బ్యాంకు లోన్ ఎక్కడిది, వాళ్ళు తెచ్చుకునేది రోజు వడ్డీకి. వీధి వ్యాపారులకి స్వనిధి కింద 10 వేల లోన్ అదే ఏడాది జూన్‌లో పెట్టారు, మంచిదే, కానీ మూడు నెలలు బండి పెట్టనివాడికి ముందు కావాల్సింది అప్పు కాదు, ఆదాయం. అప్పు అనేది వ్యాపారం మళ్ళీ తెరుచుకునే రోజుకి పనికొస్తుంది, మూసి ఉన్న రోజుల్లో అది ఇంకో భారం.

డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలి

ఇది కూడా ఎంపికే, దీన్ని ఎవరూ పోల్చరు. మూడు దారులు ఉన్నాయి, అప్పు చేయడం, పన్ను పెంచడం, వేరే ఖర్చు కోయడం. 2020లో మూడూ చేశారు.

2020 మార్చిలో పెట్రోల్ డీజిల్ మీద లీటర్‌కి 3 రూపాయలు, మేలో పెట్రోల్ మీద 10, డీజిల్ మీద 13 ఎక్సైజ్ పెంచారు. ప్రపంచంలో క్రూడ్ ధర నేలకి దిగింది కాబట్టి బంకులో రేటు వెంటనే పెరగలేదు, జనానికి తెలియలేదు. కానీ తగ్గాల్సిన ధర తగ్గలేదు, తర్వాత క్రూడ్ పెరిగినప్పుడు భారం మొత్తం నెత్తిన పడింది, 2021 నవంబర్‌లో కానీ మొదటిసారి తగ్గించలేదు. డీజిల్ మీద పన్ను అంటే లారీ కిరాయి, కూరగాయల ధర, ఆటో చార్జీ. ఒక చేత్తో 1,500 ఇచ్చి ఇంకో చేత్తో డీజిల్ మీద తీసుకున్నట్టయింది. ఇందులో ఇంకో కోణం, మేలో పెంచింది సెస్సు, స్పెషల్ అదనపు సుంకం రూపంలో, వాటిలో రాష్ట్రాలకి వాటా రాదు. అదే టైంలో రాష్ట్రాలు ఆస్పత్రులు, క్వారంటైన్, జీతాలు అన్నీ మోస్తున్నాయి. ఏపీ ఆ మేలో మద్యం ధరలు 75 శాతం పెంచింది, ఖజానాకి డబ్బు వచ్చి ఉండొచ్చు కానీ తాగే అలవాటున్న కూలీ ఇంట్లో ఆ డబ్బు పోయింది పిల్లల తిండిలోంచే.

జీతాల కోత ఇంకో తప్పు దారి. తెలంగాణలో 2020 మార్చి జీతాల్లో ఉద్యోగులకి సగం ఆపారు, ఏపీలోనూ వాయిదా వేశారు, కేంద్రం డీఏని 2021 జూన్ దాకా ఫ్రీజ్ చేసింది. ఉద్యోగులకి కష్టం రాకూడదా అని అడిగేవాళ్ళు ఉన్నారు. పెద్ద జీతాల వాళ్ళ దగ్గర కొంత తీసుకుంటే నాకేం అభ్యంతరం లేదు. కానీ ఊళ్ళో నెలనెలా గ్యారంటీగా ఖర్చు పెట్టే నాలుగు ఇళ్ళు టీచర్‌ది, కానిస్టేబుల్‌ది, నర్సుది, ఇలాంటివే. వాళ్ళ చేతిలో డబ్బు సగం చేస్తే కిరాణా కొట్టుకి, పాల వాడికి, పనిమనిషికి కూడా సగం అయినట్టే.

కాబట్టి మాంద్యంలో అప్పు చేయడమే సరైన దారి, అదీ కేంద్రం చేయడం. రాష్ట్రాలకి అప్పు పరిమితి ఉంటుంది, 2020-21లో దాన్ని రాష్ట్ర జీడీపీలో (జీఎస్‌డీపీ) 3 నుంచి 5 శాతానికి పెంచారు కానీ అందులో చాలా భాగానికి కరెంటు సంస్కరణలు, రేషన్ కార్డు సంస్కరణలు లాంటి షరతులు పెట్టారు. కేంద్రానికి వడ్డీ తక్కువ పడుతుంది, రిజర్వ్ బ్యాంక్ వెనక ఉంటుంది. ఆ ఏడాది కేంద్రం ద్రవ్యలోటు జీడీపీలో బడ్జెట్లో అనుకున్న 3.5 శాతం బదులు 9.2 శాతం అయింది, దేశం ఏమీ కూలిపోలేదు. జీఎస్టీలో రాష్ట్రాలకి తగ్గిన ఆదాయాన్ని పూడ్చే పరిహారం కోసం కేంద్రమే 1.1 లక్షల కోట్లు అప్పు తెచ్చి రాష్ట్రాలకి ఇచ్చింది, చాలా గొడవ తర్వాత. ఆ గొడవలో పోయిన నెలలు పోకుండా ఉండాల్సింది.

మరి ఏది ఎప్పుడు ఎంచుకోవాలి

అన్నీ మూతపడి జనం ఇళ్ళలో కూర్చున్న మాంద్యమైతే, 2020 లాగా, మొదటి నెల బియ్యం, పింఛన్, పేదింటి ఆడవాళ్ళ ఖాతాలో గట్టి మొత్తం, 500 కాదు కనీసం నెలకి 2,000 అయినా. బయటికి రాగలిగిన రోజు నుంచి కరువు పని, టౌన్లలో కూడా. ఆరో నెల నుంచి చిన్న చిన్న నిర్మాణ పనులు.

అలా కాకుండా 2008 లాగా బయట దేశాల నుంచి వచ్చిన దెబ్బ అయితే, ఎగుమతులు, ఐటీ, బట్టల మిల్లులు దెబ్బతింటే, అక్కడ పని ఆగదు, ఆర్డర్లు ఆగుతాయి. అప్పుడు తేదీ పెట్టిన పన్ను తగ్గింపు, గ్యారంటీ లోన్లు కొంచెం ముందుకి తేవచ్చు, బియ్యం అదనపు కోటా అంత అవసరం ఉండదు.

ఒకవేళ మాంద్యంతో పాటు ధరలు కూడా మండుతుంటే నగదు పంచేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి, అప్పుడు సరుకు రూపంలో ఇచ్చేదే మేలు, పప్పు, నూనె కూడా కలిపి ఇవ్వాలి, డీజిల్ పన్ను తగ్గించాలి. రాష్ట్రం ఖజానా ముందే ఖాళీగా ఉంటే, మన రెండు రాష్ట్రాలకీ ఈ మాట వర్తిస్తుంది, కొత్త పథకం పేరు పెట్టడం మానేసి ఉన్న పింఛన్, ఉన్న కోటా, ఉన్న ఉపాధి పని ఆలస్యం లేకుండా నడపడమే పెద్ద సాయం. కష్టకాలంలో కొత్త పోర్టల్, కొత్త కార్డు, కొత్త సర్వే మొదలుపెట్టే ప్రభుత్వాన్ని నమ్మకండి, ఆ సర్వే అయ్యేలోపు ఆకలి ఆగదు.

ఇవన్నీ ప్రభుత్వం చేయాల్సినవి, మనం ఇప్పుడే చేసుకోవాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి. ఏ సాయమైనా ఉన్న లిస్టుల మీదే వస్తుందని 2020లో చూశాం కాబట్టి రేషన్ కార్డులో పెళ్ళయిన వాళ్ళ పేర్లు, పుట్టిన పిల్లల పేర్లు ఎక్కించుకోండి, ఈకేవైసీ పెండింగ్ ఉంటే చేయించండి. ఇంట్లో ఎవరూ పనికి వెళ్ళకపోయినా ఉపాధి కార్డు ఉంచుకోండి. అసంఘటిత కార్మికుల కోసం ఉన్న ఈ శ్రమ్‌ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి, తాపీ పని, పెయింటింగ్, సెంట్రింగ్ చేసేవాళ్ళు భవన నిర్మాణ కార్మికుల బోర్డులో కార్డు తీసుకుని టైంకి రెన్యువల్ చేయించుకోండి. ఆధార్ లింక్ అయింది అనుకుంటే సరిపోదు, ఆధార్ ఆధారంగా వచ్చే సర్కారు డబ్బు బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐలో మ్యాపింగ్ ఉన్న ఒక్క ఖాతాకే వస్తుంది, రెండు మూడు బ్యాంకుల్లో ఖాతాలున్న వాళ్ళు ఏ బ్యాంకుకి మ్యాప్ అయిందో కనుక్కోండి, వాడకం లేక ఆగిపోయిన పాత జీరో అకౌంట్‌కి అయ్యుంటే బ్యాంకుకి వెళ్ళి మార్పించుకోండి.